మూత బిగించిందెవరు?

నా కుడిచెయ్యి పనికిరాకుండా పోయిందని ఆ పొద్దున శెనక్కాయల పొడి సీసా దగ్గర తెలిసింది.

మొన్నటిదాకా చెప్పినట్టు విన్న మూత అది. ఆ రోజు మాత్రం పగబట్టినట్టు బిగుసుకుని కూర్చుంది. కొంగు చుట్టి తిప్పాను. కదల్లేదు. పక్కనున్న మామిడికాయ ఊరగాయ సీసా అందుకున్నాను. అదీ అంతే. కొబ్బరినూనె సీసా, చింతపండు డబ్బా, చివరికి ఉప్పు డబ్బా కూడా. అన్నీ కూడబలుక్కుని నా మీద సమ్మెకు దిగినట్టున్నాయి. పెనం మీద జొన్నరొట్టె మాడుతోంది. నేను నా బొటనవేలిని చూస్తూ నిలబడిపోయాను. వచ్చే ఆదివారం ఇదే వేలితో నాలుగు పొరల ఖాకీ గుడ్డ కత్తిరించాలి. కత్తిరిస్తే నేను కటింగ్ మాస్టర్ని. చెయ్యి ఆగిపోతే అదే పాత కుర్చీ, అవే గుండీలు, అవే హుక్కులు.

"ఏమ్మే, ఏమన్నా కావాల్నా?" ముందుగదిలోంచి మా ఆయన వీరన్న గొంతు.

"ఏమొద్దులేయ్యా," అన్నాను.

ఆ పూట రొట్టెలోకి పచ్చి ఉల్లిగడ్డ పెట్టాను. మా అత్త హులిగెమ్మ పళ్ళెం వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, "పొడి అయిపోయిందా, ఓపిక అయిపోయిందా?" అంది.

ఈ ఇంట్లో మూతల సంగతి కొంచెం చెప్పాలి. ఆదోనికి కోడలిగా వచ్చిన కొత్తలో ఒక రోజు ఊరగాయ సీసా రాక మా ఆయన్ని పిలిచాను. ఆయన వచ్చాడు, చొక్కా చేతులు పైకి మడిచాడు, సీసాను ఎగాదిగా చూశాడు, టప్పుమని తీశాడు, "ఇంతే గదమ్మే," అన్నాడు. ఆ రోజు నవ్వాను. అప్పట్నుంచి అది ఈ ఇంటి చట్టమైపోయింది. రొట్టెలు తట్టడం నాది, బిందెలు మోయడం నాది, దుప్పట్లు పిండడం నాది, మూత తీయడం ఆయనది. చుట్టాలొస్తే, "నేను లేకుంటే మా ఇంట్లో ఊరగాయ గూడా దిగదప్పా," అని నవ్వించేవాడు. అందరితోపాటు నేనూ నవ్వేదాన్ని. వాళ్ళు తిని లేచాక ఆ సీసాలన్నీ తుడిచి, మూతలు పెట్టి, అలమరలో సర్దేది ఎవరో ఎవరికీ గుర్తు రాదు. మూత తీస్తే అది మగతనం, మూత పెడితే అది వంటింటి పని. రోజూ అన్ని రొట్టెలు తట్టే చేతికి మూత తీసే బలం ఎందుకు లేదని ఎవరూ అడగలేదు. చెబితే నవ్వుతారు గానీ, నేనూ అడగలేదు. చెయ్యి నొప్పి పుడితే బొటనవేలిని కొంగుతో గట్టిగా చుట్టుకుని మళ్ళీ పిండి ముందు కూర్చునేదాన్ని.

నేను పనిచేసేది ఎమ్మిగనూరులో, బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షెడ్డులో. పొద్దున బస్సెక్కితే గంటలోపే అక్కడుంటాను. కుట్టేవాళ్ళమంతా ఆడవాళ్ళం. కత్తిరించేది ఒక్క హనుమన్న. ఆయనకు ఎత్తయిన బల్ల, పైన ఫ్యాను, పక్కన టీ గ్లాసు. మాకు మిషన్లు, తిట్లు. కాలరు వంకరైతే తిట్టు కుట్టినవాళ్ళకే పడుతుంది. గుడ్డ బల్ల మీదే వంకరగా తెగిందని నాకు తెలుసు, నా పక్కన కూర్చునే రాధికకు తెలుసు, చెప్తే ఎవరు వింటారు? కుట్టే చెయ్యి తప్పును సర్దుకోవాలి. ఏది ఎలా ఉండాలో నిర్ణయించేది కత్తిరించే చెయ్యి. ఈ తేడా నాకు ఒక మధ్యాహ్నం గుండీ కుడుతూ కుడుతూ తట్టింది. అప్పట్నుంచి ఆ బల్ల మీదనే నా కన్ను.

వేసవి మొదట్లో హనుమన్న కూతురి దగ్గరికి బళ్ళారి వెళ్ళిపోతానన్నాడు. ఓనరు నరహరి కొత్త మాస్టర్ కోసం నాలుగు ఊళ్ళకు ఫోన్లు చేస్తుంటే, నేను లేచి వెళ్ళి నిలబడ్డాను.

"అన్నా, కటింగ్ నేను చేస్తా."

నరహరి ఫోను చెవి మీద నుంచి తీశాడు. "నీకు గీతలు గీయడం వచ్చని తెల్సమ్మా. కానీ అది బ్లౌజు గుడ్డ కాదు, ఖాకీ. నాలుగు పొరలు. ఆ కత్తెర బరువు సూసినావా? ఆడోళ్ళ బొటనవేలికి అంత సత్తువ యాడిది?"

"మిషన్ కత్తి కొంటానంటివే?"

"కొంటా కొంటా. వచ్చే ఏడు." ఆ మాట ఏటా అంటాడు. "సరే, హనుమన్న పోయే ముందర ఒక ఆదివారం గుడ్డ పరిపిస్తా. ఆఖరు దాకా కత్తిరిస్తివా, బల్ల నీది. మద్దెలో సెయ్యి నొచ్చి నిల్చిపోతివా, మళ్ళా ఈ మాటెత్తగూడదు."

సరేనన్నాను. బస్సులో నిలబడి, తల మీది పైకమ్మీ పట్టుకుని ఇంటికి వస్తుంటే ఆ పట్టే జారింది. అప్పుడు భయం వేసింది.

ఆదోనిలో లావణ్య అనే అమ్మాయి ఫిజియోథెరపీ చూస్తుంది. మా అమ్మాయి శిరీష కర్నూలు హాస్టలుకు వెళ్ళకముందు ఇద్దరూ స్నేహితులు. నా చెయ్యి తిప్పి చూసి, బొటనవేలి మొదట్లో ఉండే గుబ్బను నొక్కింది. నేను అబ్బా అన్నాను.

"ఇదే ఆంటీ దొంగ. వేళ్ళు గట్టిగానే ఉన్నాయి, ఈ కండ సన్నబడింది. ఇన్నేళ్ళూ ఒకటే పని, ఒకటే వైపు. దీనికి సాము నేర్పిద్దాం."

"ఈ వయసులోనా?"

"కండకు వయసు తెలీదు ఆంటీ. పని పెడితే పెరుగుద్ది, అంతే."

ఆమె నేర్పిన సాము చూస్తే మీరూ నవ్వుతారు. రబ్బరు బంతి నొక్కడం. బట్టల క్లిప్పును బొటనవేలితో ఒక్కో వేలినీ జోడించి తెరవడం. తడి తువ్వాలును కుడికొకసారి, ఎడమకొకసారి పిండడం. అన్నిటికంటే ముఖ్యమైనది, ఐదువేళ్ళకూ రబ్బరు బ్యాండు వేసుకుని దాన్ని తెంచేటట్టు చెయ్యి విప్పడం. "అందరూ పిడికిలి బిగించడమే బలమనుకుంటారు. విప్పడానికీ బలం కావాలి. నొప్పి వస్తే ఆపాలి, మండితే మాత్రం భయపడొద్దు," అంది లావణ్య. విప్పడానికీ బలం కావాలి. ఆ మాట బస్టాండు దాకా నా వెంటే వచ్చింది.

ఇంట్లో ఇంకొకటి నేనే కనిపెట్టాను. జొన్నల డబ్బాలోకి మణికట్టు దాకా చెయ్యి దూర్చి, గింజల అడుగున వేళ్ళు మూయడం, విప్పడం. రెండో రోజే అత్త పట్టేసింది.

"ఏం మహేశ్వరీ, జొన్నల్లో ఏం పారేసుకుంటివి?"

"బలం అత్తా."

"దొరికితే నాకూ రవ్వంత పెట్టు. మోకాళ్ళకు పూసుకుంటా."

మా ఆయనైతే మొదట ముచ్చటపడ్డాడు. ఆయన పత్తి మార్కెట్లో కాటా దగ్గర పనిచేస్తాడు. "మా ఇంట్లో పయిల్వాను తయారైతాంది," అని అక్కడందరికీ చెప్పాడట. ఆ ముచ్చట ఒక సాయంత్రం దాకానే. ఆ సాయంత్రం ఊరగాయ సీసా చేతిలోకి తీసుకున్నాను. నేను పిలుస్తానని ఆయనకు తెలుసు, అప్పటికే చొక్కా చేతులు మడుచుకుంటూ వంటింటి గడప దాకా వచ్చాడు. నేను తిప్పాను. టప్పుమంది. ఎంత బాగుంది ఆ చప్పుడు! ఇన్నేళ్ళూ దాన్ని పక్కన నిలబడి విన్నాను గానీ, నా అరచేతిలో పుట్టగా వినలేదు. ఆయన గడప దగ్గరే కాసేపు నిలబడ్డాడు. మడిచిన చేతుల్ని కిందికి దించుకున్నాడు. "వచ్చిందా? మంచిది," అని వెళ్ళిపోయాడు. ఆ వెళ్ళడం నేను పట్టించుకోలేదు. ఇంకో రెండు సీసాలు ఊరికే తీసి, ఊరికే పెట్టాను.

అలాంటి చెయ్యి, ఆదివారం ఇంకొక వారం ఉందనగా, ఉప్పు డబ్బా ముందు ఓడిపోయింది. మరునాడు కూడా ఓడిపోయింది. ఆ రెండు రోజులూ షెడ్డులో దారం తెంపుతూ, బస్సులో కిటికీ పక్కన కూర్చుని అవతలి పత్తిచేల వైపు చూస్తూ, లోపల ఒకటే రంపపు కోత. నరహరి అన్నదే నిజమా? మా అమ్మ కూడా చిన్నప్పుడు "నీది పూచేయి, బరువుకు ఆగదు" అనేది, అదే నిజమా? ఆశపడటమే తప్పేమో, ఉన్న కుర్చీలో ఒద్దికగా కూర్చోక ఎందుకీ సర్కసు అని మనసు నస పెట్టింది. ఆ గొంతు నాది కాదని నాకు తెలుసు. ఇంట్లో ఒకరూ, పనిలో ఒకరూ అన్న మాటలు ఇన్నేళ్ళూ లోపల పేరుకుని, ఇప్పుడు నా గొంతుతోనే మాట్లాడుతున్నాయి. తెలిసినా వింటున్నాను. చివరికి నరహరికి చెప్పేద్దామని ఫోను తీశాను. "అన్నా, ఆదివారం వద్దులే" అని టైపు చేశాను కూడా. పంపబోతూ, పంపే ముందు లావణ్యకు ఒకసారి చూపిద్దామని ఆగాను.

లావణ్య పట్టు కొలిచే మీటరు నా చేతిలో పెట్టి నొక్కమంది. నొక్కాను. ముల్లు చూసి కనుబొమలెగరేసింది.

"ఆంటీ, మీరు మొదట వచ్చినప్పటికంటే శానా పెరిగింది. ఈ చేతికి ఉప్పు డబ్బా రాకపోవడమేంటి?"

"రావట్లేదమ్మా, దేవుడి మీద ఒట్టు."

"అయితే అనుమానించాల్సింది చేతిని కాదు. డబ్బాని."

బయటికొచ్చి రోడ్డు మీదే నిలబడిపోయాను. ఆటోలు హారన్లు కొడుతున్నాయి. నా బుర్రలో మాత్రం ఒక్కటే మాట. నా చెయ్యి తగ్గలేదు. మూతలు బిగిశాయి. మూతలు వాటంతటవి బిగుసుకోవు. ఎవరో బిగిస్తున్నారు.

నరహరికి రాసిన మెసేజ్ చెరిపేశాను.

ఇంట్లో అనుమానితులు ఇద్దరు. ఎదురుపడ్డ మొదటి మనిషి అత్త. మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది.

"అత్తా, సీసాల మూతలు నువ్వు గాని బిగిస్తాండావా?"

అత్త చిక్కుడుకాయ పక్కన పెట్టి నన్ను తేరిపార చూసింది. "మూత బిగించేంత సత్తువే ఉంటే, నువ్వు పెట్టే సల్లకాఫీ తాగుతా ఈడెందుకు కూసుంటానే? హంపీ సూసేకి పోనూ?"

అత్తను వదిలేశాను. ఇక మిగిలింది ఒక్కడు. కానీ వీరన్న పిలవందే వంటింట్లోకి రాడు. నీళ్ళు కూడా ముందుగదిలోకే తెప్పించుకుంటాడు. రుజువు కావాలి.

దర్జీదానికి రుజువు చేతిలోనే ఉంటుంది. పని సంచిలోంచి నీలం సుద్ద తీశాను. ప్రతి సీసాకూ, మూత అంచు మీద నుంచి గాజు మీదికి ఒక నిలువు గీత గీశాను. మూత కదిలితే గీత తెగుతుంది. మరునాడు పొద్దున స్నానం చేసి వచ్చేసరికి గీతలన్నీ తెగి ఉన్నాయి. మూతల మీది సగం ఒకవైపు, గాజు మీది సగం ఒకవైపు. కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. చెయ్యి తగ్గిందన్న భయం పోయాక మూతలు కూడా మాట విన్నాయి. లావణ్య చెప్పినట్టు మోచేతిని ఒంటికి ఆనించి, అరచెయ్యంతా పరిచి, బొటనవేలితో నొక్కి తిప్పాను. మొదటిది మొరాయించింది. రెండో పట్టుకు వచ్చేసింది.

ఆ వారమంతా మా ఇంట్లో మాటల్లేని కుస్తీ నడిచింది. కనబడని చెయ్యి రోజూ ఇంకొంచెం బిగించేది. నేను రోజూ తీసి, మూత పెట్టి, మళ్ళీ నీలం గీత గీసేదాన్ని. "ఏమన్నా కావాల్నా?" అని రోజూ అదే వేళకు ముందుగదిలోంచి గొంతు. "ఏమొద్దులేయ్యా," అని నా జవాబు. ఆ శత్రువెవరో గానీ, డబ్బులు పుచ్చుకోకుండా నాకు సాము నేర్పిస్తున్నాడు.

ఆదివారం పొద్దున నేరస్థుడు దొరికిపోయాడు. తలదువ్వుకుని కాఫీ గ్లాసు తీయడానికి ముందుగదిలోకి వెళ్ళాను. స్టీలు గ్లాసు మీద నీలం బొటనవేలి ముద్ర. పేపరు అంచు మీద ఇంకొకటి. మా ఆయన తెల్ల బనీను మీద, పొట్ట దగ్గర, మూడోది. ఆ మనిషి పేపరు వెనక మొహం దాచుకున్నాడు.

అడగలేదు. బస్సుకు టైమైంది. అయినా ఇలాంటి నేరస్థుడు ఎక్కడికి పారిపోతాడు? మార్కెట్టుకు సెలవు. అత్త ఆస్పరిలో కూతురింటికి వెళ్ళింది. ఆకలేస్తే వంటింట్లోకే రావాలి.

"రొట్టెలు గుడ్డలో సుట్టిపెట్టినా. సీసాలో పొడి ఉంది," అని చెప్పి చెప్పులేసుకున్నాను.

"సెయ్యి బాగుందా?" అన్నాడు పేపరు వెనక నుంచి.

"సాయంత్రం సెప్తా."

షెడ్డులో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. బల్ల మీద ఖాకీ గుడ్డ నాలుగు పొరలు పరిచి ఉంది. హనుమన్న కత్తెరను నా చేతికిచ్చాడు. బరువెంత అన్న ఆలోచన లేకుండా పట్టుకున్నాను. నరహరి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సెలవు రోజైనా రాధిక నాకోసం వచ్చి మిషను దగ్గర కూర్చుంది.

"నొస్తే సెప్పమ్మా, నిలిపేద్దాం. సిగ్గేం లేదు," అన్నాడు నరహరి.

నేను గుడ్డ మీద వంగాను. గీత వెంట కత్తెర కదిలింది. మొదట్లో హాయిగానే ఉంది. సగం దాటాక బొటనవేలి మొదట్లో మంట మొదలైంది. పాతరోజుల్లో అయితే అక్కడే కత్తెర కింద పెట్టి కొంగు వెతుక్కునేదాన్ని. ఇది మంట, నొప్పి కాదు. అప్పుడు ఒకటి తెలిసింది. కత్తెర మూస్తేనే తెగుతుందని అందరికీ తెలుసు. కానీ నాలుగు పొరల మధ్య దాన్ని మళ్ళీ మళ్ళీ విప్పడంలోనే చెయ్యి అలిసిపోతుంది. రబ్బరు బ్యాండు గుర్తొచ్చింది. జొన్నల అడుగున విప్పిన వేళ్ళు గుర్తొచ్చాయి. మూసి, విప్పి, మూసి, విప్పి, బుజ్జగించినట్టు ముందుకు నడిపాను. శెనక్కాయల సీసా మూత కంటే ఈ ఖాకీ ఏం గట్టిది? ఆ ఆలోచనకు నవ్వొచ్చింది. చివరి మూల తిరిగి, చివరి ముక్క కింద పడింది.

"పైన ఎవురైనా కత్తిరిస్తారు. అడుగు పొర సూడు అన్నా," అన్నాడు హనుమన్న. చెయ్యి అలిసిపోతే అడుగు పొర పక్కకు జరిగిపోతుంది. అక్కడే దొరికిపోతారు.

నరహరి లేచాడు. అడుగు ముక్కను లాగి పై ముక్క మీద పరిచాడు. అంచులు కలిశాయి. తిరగేసి పరిచాడు. మళ్ళీ కలిశాయి. ఇంకొక జత తీశాడు. ఆ మనిషి మొహంలో తప్పు దొరకని బాధ చూసి రాధిక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సరేలేమ్మా. బల్ల నీదే," అన్నాడు చివరికి. తర్వాత తల గోక్కున్నాడు. "అది సరే, గుండీలు ఎవురు కుడతారిప్పుడు?"

"కూసో అన్నా, నేర్పిస్తా," అన్నాను.

హనుమన్నే ముందు పగలబడి నవ్వాడు.

తిరుగు బస్సులో సీటు దొరికింది గానీ కావాలనే నిలబడ్డాను, పైకమ్మీ పట్టుకుని. కోటేకల్ మలుపులో బస్సు ఊగింది. పట్టు జారలేదు. ఆ ఊగే బస్సులోనే ఒకటి నిర్ణయించుకున్నాను. ఇక మీదట ఈ ఇంట్లో నా నొప్పి నేను దాచను, నా బలం కూడా దాచను. రెంటినీ అందరూ చూడాల్సిందే.

ఇల్లు చేరి తలుపు తోశాను. ముందుగది ఖాళీ. వంటింట్లో నేల మీద, మోకాళ్ళ మధ్య సీసా ఇరికించుకుని, చొక్కా చేతులు పైకి మడిచి, చెమటలు కారుతూ మా ఆయన. పక్కన విప్పిన గుడ్డ, తినని రొట్టెలు, ఒక చెంచా, ఒక పట్టకారు. సీసా మీద తెగిన నీలం గీత.

నేను చెయ్యి చాపి సీసా తీసుకోలేదు. సంచిలోంచి రబ్బరు బంతి తీసి ఆయన ముందు పెట్టి, గోడకానుకుని కూర్చున్నాను.

ఆయన బంతి వైపు చూశాడు. నీలం అంటిన తన బొటనవేలు చూసుకున్నాడు. తల ఎత్తకుండానే మొదలుపెట్టాడు.

"బిగించింది నేనేమ్మే. మాయమ్మను అనుమానించద్దు. నువ్వు ఆ బంతి పట్టినకాన్నుంచి నన్ను పిలవడం మానేస్తివి. ఈ ఇంట్లో 'ఏమయ్యా, ఇట్ల రా' అని నన్ను పిలిచేది ఆ మూతకోసరమే గదా. అది గూడా పాయ. బిగిస్తే పిలుస్తావనుకుంటి. నువ్వు పిలవకుండా తీస్తివి. ఇంకా బిగిస్తి. ఈ పొద్దు... నువ్వు గెలవగూడదనే ఉన్న బలమంతా పెట్టి బిగిస్తి. పొద్దున్నుంచి తిప్పతాండా, రాలా. ఇంకోటి గూడా సెప్తా. నీ సెయ్యి నొస్తాదని నాకు ఎప్పట్నుంచో తెల్సు. పిండి పిసికేటప్పుడు యేలికి కొంగు సుట్టుకునేది సూసినా. ఆస్పత్రికి పోదాం పా అని ఒక్కనాడు అనలా. నొస్తేనే గదా నువ్వు నన్ను పిలిచేది. సూడు, ఇప్పుడు నొస్తాండేది నా సెయ్యి. పిలస్తాండేది నేను. ఏమ్మే, ఇట్ల రా."